మూడు దసరాల బొట్లు

ఆ డ్రైవులో ఏమీ లేదు. ఏమీ లేనందుకు కాదు నాకు ఒళ్లు మండింది. మరీ అంత శుభ్రంగా ఏమీ లేనందుకు.

శనివారం పొద్దున్న. చోడవరంలో అనంతపద్మనాభంగారి ఫోటో స్టూడియో, వెనక ఎడిటింగ్ గది. బల్ల మీద నా ల్యాప్‌టాప్, దానికి తగిలించిన ఎస్‌ఎస్‌డీ డ్రైవు, పక్కన సీలు విప్పిన కోర్టు కవరు. రెండు పక్షాలవాళ్లూ కూర్చుని ఒక్కసారి చూసుకోవచ్చని జడ్జిగారు అనుమతి ఇచ్చింది ఈ ఒక్క పూటకే. రెండు పక్షాలంటే నిందితుడి తరఫున నేను, అవతలి లాయరు తరఫున, ఈ డ్రైవు మీద ఇదివరకే రిపోర్టు రాసి, విశాఖపట్నం నుంచి కారేసుకుని వచ్చిన డేటా నిపుణుడు ఉదయ్‌కుమార్.

నేను ఝాన్సీని. ఇన్సూరెన్స్ కంపెనీలో దొంగ క్లెయిములు పట్టుకుని పట్టుకుని విసుగెత్తి, ఉద్యోగం మానేసి, బస్టాండు ఎదురుగా మేడ మీద డిటెక్టివ్ ఏజెన్సీ అని బోర్డు పెట్టాను. వచ్చే కేసుల్లో ముప్పాతిక భాగం పెళ్లికొడుకు తాగుతాడా తాగడా అన్నవే. ఒక మనిషి ప్రాణం మీదికొచ్చిన కేసు ఇదొక్కటే వచ్చింది. ఇదేమో ఇలా ఏడుస్తోంది.

నిందితుడి పేరు బాబీ. రోలుగుంటవాడు, చెరుకు ట్రాక్టరు తోలుతాడు. వచ్చే ఫిబ్రవరికి మూడేళ్లు, దేవరాపల్లిలో ఒక పెళ్లికి చుట్టాలను ట్రాక్టరు మీద తీసుకెళ్లాడు. ఆ రాత్రి పది కావస్తుండగా, పెళ్లిపందిరికి అర కిలోమీటరు దూరంలో కల్వర్టు దగ్గర, అదే ట్రాక్టరు గణపతిరావు అనే మనిషి మీదుగా వెళ్లింది. వెనక్కి వచ్చి మళ్లీ వెళ్లింది. అందుకే అది యాక్సిడెంటు కాక హత్య అయింది. ట్రాక్టరు బాబీది, గణపతిరావుతో ముందురోజు గట్టు తగవు పడినవాడూ బాబీయే. ఇక పోలీసులకు ఇంకేం కావాలి. బాబీ మాత్రం ఆ టైముకు పందిట్లో సాంబారు వడ్డిస్తున్నానంటాడు. అవునన్నవాళ్లంతా వాడి చుట్టాలే కనక ఆ మాటలు ఎవరూ పట్టించుకోలేదు. బెయిలు రెండుసార్లు కొట్టేశారు. సోమవారం ఆఖరి వాదనలు.

మిగిలింది పెళ్లి వీడియో. జంటకు ఇచ్చిన వీడియోలో బాబీ లేడు. ఉండడు కూడా. ఎందుకంటే ఆ రాత్రి భోజనాల మధ్యలో కరెంటు పోయింది. ఆ చీకటి ముక్కంతా ఎడిటింగులో కోసేసి, పెళ్లికూతురు గులాబీ పువ్వులోంచి బయటికొచ్చే గ్రాఫిక్కు ఒకటి పెట్టారు. నాకు కావలసింది ఆ కోసేసిన ముక్క. కెమెరాలో టైము పడుతుంది కదా అనకండి. పద్మనాభంగారి స్టూడియోలో కెమెరా గడియారం ఎవరూ సరిచేయరు, బ్యాటరీ మార్చినప్పుడల్లా అది ఎక్కడో పదేళ్ల వెనక్కి పోతుంది. నాకు గడియారం కరెంటే. తొమ్మిదీ ముప్పై అయిదుకు పోయి పదీ ఇరవైకి వచ్చిందని ఆ ఊరి లైన్‌మన్ చెప్పాడు. గణపతిరావు తన భార్య కనకదుర్గతో ఫోనులో మాట్లాడుతుండగా మాట తెగిపోయింది తొమ్మిదీ యాభైకి. అంటే చీకట్లో బాబీ పందిట్లో కనిపిస్తే చాలు. కరెంటు పోయిన సంగతి కేసు కాగితాల్లో ఎక్కడా లేదు. బాబీ చెబితే నేను విన్నాను, మా లాయరుకు చెప్పాను, సోమవారం దాకా మూడో మనిషికి తెలియకూడదని ఇద్దరం అనుకున్నాం.

ఎక్కడా కోయని ఆ రా ఫుటేజీ ఉన్న డ్రైవే ఇది అని పద్మనాభంగారు కోర్టుకు ఇచ్చారు. తెరిచి చూస్తే ఇదీ సంగతి.

"నా రిపోర్టులో రాసిందే కదా మేడమ్," అన్నాడు ఉదయ్‌కుమార్. "మీరు మళ్లీ శ్రమపడ్డారు."

మనిషికి నలభై లోపే. ఇస్త్రీ మడత చెదరని చొక్కా, గీసినట్టున్న గడ్డం. వాచీ కుడిచేతికి, అదీ డయల్ లోపలివైపుకు తిప్పి పెట్టుకుంటాడు. టైము చూసినప్పుడల్లా ఎవరినో చెయ్యి చాచి అడుగుతున్నట్టు అరచెయ్యి పైకి తిప్పుతాడు. వచ్చినప్పటినుంచి ఎన్నిసార్లు తిప్పాడో, నాకు ఆ చెయ్యి చూస్తేనే చిరాకుగా ఉంది.

"రిపోర్టు చదివాను. మీ నోటితో ఇంకోసారి చెప్పండి," అన్నాను.

అతను చిన్నపిల్లలకు చెప్పినట్టు చెప్పాడు. ఎస్‌ఎస్‌డీ లోపల తిరిగే పళ్లెం ఉండదు. కంటికి కనిపించని కోట్ల గదులుంటాయి. ఒక్కో గదిలో కాస్త విద్యుత్తు బంధించి పెడతారు, ఎంత పెట్టారన్నదాన్ని బట్టి డేటా. ఆ గదుల గోడలు ఎంత గట్టివైనా లోపలిది కొంచెం కొంచెంగా కారిపోతూనే ఉంటుంది. ఏళ్ల తరబడి ప్లగ్గులో పెట్టకుండా వదిలేస్తే ఒకరోజుకు ఏమీ మిగలదు. వాడి వాడి అరిగిపోయిన డ్రైవుకు ఇంకా త్వరగా, వేడి తగిలే చోట మరీ త్వరగా. "మూడేళ్లు అలమారలో పడి ఉంది. పోయింది. ఎవరి తప్పూ లేదు. ప్రకృతి."

అందులో ఒక్క అబద్ధం లేదు. నాకు ఎక్కువ మంట పుట్టించింది అదే.

"కారిపోతే ఎలా పోతుంది?" అన్నాను. "అన్ని గదుల్లోంచీ ఒకేసారి, ఒకే కొలతలో పోతుందా?"

"అంటే?"

"వానలో తడిసిన పేపరు ఎప్పుడైనా చూశారా? ఒకచోట అక్షరం అలుక్కుపోతుంది, ఒకచోట బాగానే ఉంటుంది, ఒకచోట చిరుగుతుంది. తెల్ల కాగితమైతే అవదు కదా. పాడైన డ్రైవు చదవబోతే తడుముకుంటుంది. చదివిందే చదువుతుంది. లోపల తప్పులు సరిదిద్దుకోవాలని చూస్తుంది, చేతకాకపోతే ఇక్కడ చదవలేనని చెప్పేస్తుంది. ఇదేమో ఈ చివర్నుంచి ఆ చివరిదాకా గడగడా అన్నీ సున్నాలే అని చెప్పింది. ఒక్క తప్పు లేదు. ముసలిదై పోయింది కాదు ఉదయ్‌కుమార్‌గారూ, ఇది పుట్టిన దగ్గర్నుంచీ ఇంతే."

"మీరు ఇన్సూరెన్స్ మనిషి. డేటా రికవరీ నా సబ్జెక్ట్."

"మరి డ్రైవు తన గురించి తాను రాసుకునే లెక్క ఉంటుంది కదా, మీ సబ్జెక్ట్‌లోనే. ఇన్నిసార్లు ఆన్ చేశారు, ఇంత రాశారు అని. ఇందులో ఒక్క పెళ్లికి సరిపడేంత కూడా ఎప్పుడూ రాయలేదని ఉంది. ఆ పేజీ మీ రిపోర్టులో లేదేం?"

"ఫర్మ్‌వేర్ లెక్కలు తప్పుతుంటాయి," అన్నాడు, మొహం ఏమాత్రం మారకుండా. "మీరు కోర్టులో ఇదే చెప్పండి. నేను నా డిగ్రీలు చెబుతాను. జడ్జిగారు ఎవరి మాట వింటారో చూద్దాం. అయినా మేడమ్, ఫుటేజీ ఉన్నా మీకు ఒరిగేదేముంది? ఆ చీకట్లో సాంబారు పోసేవాడి మొహం ఎవరికి కనిపిస్తుంది?"

డ్రైవు కవరులో పెట్టి, తనే సీలు వేసి, నాతో సంతకం పెట్టించుకున్నాడు. అరచెయ్యి తిప్పి టైము చూసి, కోర్టు మనిషి వచ్చేదాకా ఎదురుగా టీ కొట్టు దగ్గర ఉంటానని వెళ్లిపోయాడు. నేను కోపంతో ఉడికిపోతున్నాను. కోపంలో ఉన్నప్పుడు నా బుర్ర సగమే పనిచేస్తుందని మావాళ్లంటారు. ఆ రోజు ఆ సగం కూడా పనిచేయలేదు.

వెనక వరండా మెట్టు మీద అచ్చియ్యమ్మ కూర్చుని ఉంది. బాబీ తల్లి. వద్దంటే వినదు, నేను ఎక్కడికెళితే అక్కడికి మొదటి బస్సుకే వచ్చి కూర్చుంటుంది. 

"ఏటమ్మా, కనిపించేడా మా గుంటడు?" అంది.

"ఇంకా లేదు."

"ఉన్నాడమ్మా. నాను ఆ దినం ఎనకాల అంట్లు తోముతున్నాను. ఆడు బకెట్టు నింపుకోడానికి నాకాడికే వచ్చీవోడు."

"నీ మాట కోర్టు వినదు అచ్చియ్యమ్మా, ఎన్నిసార్లు చెప్పాలి," అని విసుక్కుని లోపలికి వచ్చేశాను. విసుక్కున్నందుకు నా మీద నాకే విసుగేసింది.

పద్మనాభంగారు అలమార ముందు నిలబడి, సర్దినవే మళ్లీ సర్దుతున్నారు. అరవై దాటిన మనిషి, ఈ చుట్టుపక్కల ఊళ్లలో ఆయన కెమెరా చూడని పెళ్లి లేదు. అలమారలో డ్రైవులు వరసగా నిలబెట్టి ఉన్నాయి. ఒక్కోదానికి ఊరి పేరు, నెల, ఏడాది రాసిన చీటీ. చీటీ పక్కన గంధం మీద కుంకుమ బొట్లు. అప్పటిదాకా నేను వాటిని చూస్తూనే ఉన్నాను, కానీ చూడలేదు.

"పద్మనాభంగారూ, దసరాకి మీ ఇంట్లో ఆయుధ పూజ ఎవరు చేస్తారు?"

"మా జానకే. ఏమ్మా?"

"పాత బొట్టు తుడిచేసి కొత్తది పెడతారా?"

"తుడవదు. తుడిస్తే పోయినేటి పూజ తుడిచినట్టేనంటది. పక్కన ఇంకోటి పెడతది." ఆ చివరి ముక్క అంటూండగానే ఆయన గొంతు తగ్గిపోయింది.

"ఆ పెళ్లి జరిగిన ఏడాది డ్రైవులు ఇక్కడ నాలుగున్నాయి. నాలుగింటికీ మూడేసి బొట్లు. మూడు దసరాలు. మీరు కోర్టుకిచ్చినదానికి ఒక్కటే బొట్టు. అది ఈ ఇంటికి వచ్చింది మొన్నటి దసరాకు కాస్త ముందు, అంటే కోర్టు అడిగాక. పాత చీటీ పీకి కొత్తదానికి అంటించారు. అసలుది ఏది?"

"అదే అసలుదమ్మా."

"సోమవారం ఆ అబ్బాయికి శిక్ష పడితే, ఆ తల్లి మీ మెట్టు మీదే కూర్చుంటుంది. రోజూ వస్తుంది. నాకు ఆవిడ సంగతి తెలుసు."

ఆయన స్టూలు మీద కూలబడ్డారు. ఆయన మాట బయటికి రాబట్టేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. ఒక వాక్యం చెబుతారు, కళ్లజోడు తుడుచుకుంటారు, ఆ వాక్యాన్ని వెనక్కి తీసుకుంటారు. మొత్తం మీద తేలిందేమిటంటే, పెళ్లయిన నెలలోపే ఒక తెలిసినాయన వచ్చాడట. కరెంటు పోయినప్పుడు రెండో కెమెరా పట్టుకున్న మీ అబ్బాయి ఫణిశ్రీనివాస్ పందిట్లో లేడు, రా ఫుటేజీ బయటికొస్తే ఆ సంగతీ బయటికొస్తుంది, పోలీసులు బాబీని వదిలి మీవాణ్ని పట్టుకుంటారు అన్నాడట. నిజానికి ఫణి వ్యానులో పడుకుని నిద్రపోయాడు. చూసినవాళ్లు ఎవరూ లేరు.

"మరి చెరిపేయకపోయారా, గొడవ వదిలేది," అన్నాను.

ఆయన నా వైపు ఎంత బాధగా చూశారంటే, అనకూడని మాట అన్నానేమో అనిపించింది.

"అదెలాగమ్మా? పెళ్లి ఉందందులో. తాళి కట్టింది ఉంది, తలంబ్రాలు ఉన్నాయి. ఆ జంటకి ఇంకా పిల్లలు లేరు. తొలిచూలు బిడ్డ పుట్టేదాకా మా స్టూడియోలో రా ఫుటేజీ చెరపం. మా జానకి పట్టు అది, నాకూ మనసొప్పదు. ఆ తెలిసినాయన పగలగొట్టీమన్నాడు. నా వల్ల కాదన్నాను. అలాగైతే మీ చెయ్యి తగలక్కర్లేదు, కరెంటు తగలకుండా వేడి చోట పడీండి, అదే మర్చిపోతుంది అన్నాడు. దానంతటది మర్చిపోతే మన పాపం ఉండదు కదా అనుకున్నాను."

చెరిపితే పాపం, ఎండలో పెట్టి మరిచిపోనిస్తే కాదు. ఒక మనిషి మూడేళ్లుగా జైల్లో ఉన్న పాపం మాత్రం ఎవరి ఖాతాలోనూ లేదు. నాకు అరవాలనిపించింది. అరిస్తే ఆయన మళ్లీ కళ్లజోడు తీస్తారని ఊరుకున్నాను.

"ఎవరా తెలిసినాయన?"

"పేరు అడగొద్దమ్మా. మా ఫణి మీద ఒట్టేయించుకున్నాడు."

"డ్రైవు ఎక్కడుంది?"

"రేకుల గదిలో, ట్రంకు పెట్టెలో. ఇంకేటుంటదమ్మా. మూడు ఎండాకాలాలు మాడిపోయింది. పోయినేడు ఆయనే వచ్చి పెట్టె మీద చెయ్యేసి సెగ చూసి, ఇక చచ్చినట్టేనన్నాడు. అయినా కోర్టు అడిగాక, దీన్ని ఎవరైనా లేపుతారేమోనని కొత్తది తనే తెచ్చిచ్చాడు."

పెరట్లో ఆ రేకుల గది తలుపు తీస్తే నవంబరులో కూడా మొహానికి సెగ కొట్టింది. పాత ఆల్బమ్‌లు, విరిగిన గొడుగు లైట్లు, మూల ట్రంకు పెట్టె. పద్మనాభంగారు వంగి, బట్టలో చుట్టిన డ్రైవు తీసి నా చేతిలో పెట్టారు. బట్ట విప్పాను. ఆయన నాకంటే ముందు చూశారు.

దాని మీద మూడు బొట్లున్నాయి.

"జానకీ," అని పిలిచారు.

జానకిగారు గరిటె చేత్తో పట్టుకునే వంటింట్లోంచి వచ్చారు. "ఏటండీ?"

"దీనికి బొట్లెవరు పెట్టేరు?"

"ఇంకెవరు పెడతారు, నేనే. ట్రంకులో పడేస్తే మాత్రం మన సామాను కాదేటి? మీరు ఎందుకు పడేసేరో అడిగితే చెప్పరు. దసరా దసరాకీ తీసేను, బొట్టు పెట్టేను, మిగతావాటితో పాటు ప్లగ్గులో పెట్టేను. పొద్దున్న పూజ దగ్గర్నుంచి సాయంత్రం హారతి దాకా అన్నీ వెలుగుతూనే ఉంటాయి. యంత్రమన్నాక ఏడాదికోసారైనా నడవాలి కదా. మళ్లీ ఎక్కడిదక్కడ పెట్టేసేను, మీరు చిరాకుపడతారని."

ఆవిడ్ని కావలించుకోవాలనిపించింది. కొన్ని డ్రైవులు కరెంటు అందినప్పుడు ఖాళీగా కూర్చోవు. నీరసపడ్డ గదులు ఎక్కడున్నాయో తమంతట తాము వెతుక్కుని, అందులోది మళ్లీ నిండుగా రాసుకుంటాయి. అన్నీ చేస్తాయని చెప్పలేం, పూర్తిగా చేస్తాయనీ చెప్పలేం. కానీ ఏడాదికి ఒక పగలంతా దీనికి ఊపిరి అందింది.

లోపలికి తెచ్చి, చదవడమే తప్ప రాయడానికి వీలివ్వని అడాప్టరు మధ్యలో పెట్టి, నా ల్యాప్‌టాప్‌కు తగిలించాను. దీపం చిన్నగా వెలిగింది. ఆ తర్వాత చాలాసేపు ఏమీ లేదు. నేను గోళ్లు కొరుక్కుంటూ కూర్చున్నాను. తర్వాత పేర్లు ఒక్కొక్కటే రావడం మొదలైంది.

ఇది తడుముకుంది. రెండు మూడు ఫైళ్లు గబగబా వచ్చాయి, తర్వాతది దగ్గర ఆగి, చదివిందే చదివి, ఒక ముక్క చదవలేనని వదిలేసి ముందుకు కదిలింది. వానలో తడిసిన పేపరు. ఉదయ్‌కుమార్‌ను పిలిచి, ముసలిదైతే ఇలా ఉంటుందని చూపించాలన్నంత సంబరం వేసింది. మొత్తం కాపీ అవ్వాలంటే చాలా టైము పట్టేలా ఉంది. నా ల్యాప్‌టాప్ బ్యాటరీ ఎప్పుడో పోయింది, ప్లగ్గు మీదే నడుస్తోంది. మధ్యలో కరెంటు తెగితే ఇంత బలహీనపడ్డది మళ్లీ లేస్తుందో లేదో నేను హామీ ఇవ్వలేను. అందుకే వచ్చిన ఫైళ్లను వచ్చినట్టు తెరుస్తూ, చీకటి ముక్క కోసం వెతికాను.

దొరికింది. పందిట్లో దీపాలు పోవడం, జనం ఓ అని అరవడం, జనరేటర్ వాడు ఏడీ అని ఎవరో కేకేయడం. ఆ తర్వాత పద్మనాభంగారి కెమెరా మీది బ్యాటరీ లైటు వెలిగింది. ఆ వెలుగులో అరిటాకుల వరస, ఆ వరస వెంట బకెట్టు పట్టుకుని వంగి వంగి వడ్డిస్తూ వస్తున్న కుర్రాడు. కళ్లలో లైటు పడి చిట్లించుకుని, కెమెరా వైపు చూసి నవ్వాడు. మొహంలో ఒక్క గీత చెడలేదు. లైటు పక్కకు పోతే మళ్లీ వచ్చాడు. ఆకులు ఎత్తేదాకా వస్తూనే ఉన్నాడు.

అచ్చియ్యమ్మను పిలిచాను. ఆవిడ గుమ్మం దగ్గరే చేతులు కొంగుకు తుడుచుకుని వచ్చి, తెరకు మరీ దగ్గరగా మొహం పెట్టింది.

"ఈడే," అంది. "సన్నగా ఉండీవోడు. జైల్లో ఒళ్లొచ్చీసింది ఈడికి." తెర మీద వేలు పెట్టి, పెట్టకూడదేమోనని తీసేసింది. "అమ్మా, ఇది సూస్తే వొగ్గీస్తారా?"

"వదిలేస్తారు."

ఆవిడ ఏడవలేదు. వరండాలోకి వెళ్లి, కుళాయి తిప్పి, అక్కడున్న చెంబు ఊరికే కడగడం మొదలుపెట్టింది.

నేను అక్కడితో ఆపవలసింది. కానీ తొందరలో దాటేసిన ముక్క చూద్దామని వీడియో వెనక్కి తిప్పాను, దీపాలు పోయిన తొలి నిమిషాల దగ్గరికి. పద్మనాభంగారు జనరేటర్ వాడి కోసమనుకుంటాను, కెమెరా పందిరి బయటికి తిప్పారు. వెలుగు చివర ట్రాక్టరు. దాని పక్కన పట్టు చొక్కా వేసుకున్న మనిషి. తాళం చెవి ట్రాక్టరుకే వేలాడుతోంది, పెళ్లికి వచ్చిన ట్రాక్టరు తాళం ఎవరు తీసి దాచుకుంటారు. ఆ మనిషి ఎక్కి కూర్చుని, చెయ్యి చాచి తాళం తిప్పాడు. లైటు పడగానే తల ఇటు తిప్పాడు.

మొహం లేదు. మొహం ఉండవలసిన చోట బూడిదరంగు గళ్లు. ముందు ఫ్రేము చూశాను, వెనక ఫ్రేము చూశాను. చొక్కా గుండీలతో సహా ఉంది, ట్రాక్టరు నంబరు ఉంది, వెనక వేలాడే మామిడాకుల తోరణం ఆకు ఆకునా ఉంది. అన్నీ గుర్తుపెట్టుకున్న డ్రైవు సరిగ్గా ఆ మొహమే మరిచిపోయింది. బల్ల మీద గుద్దాను. వెంటనే డ్రైవు కదులుతుందేమోనని భయపడి దాని మీద చెయ్యి పెట్టాను. వేడిగా తగిలింది.

అప్పుడు చెయ్యి చూశాను. తాళం తిప్పుతున్న చెయ్యి. కుడిది. మణికట్టుకు వాచీ ఉంది. డయల్ లోపలివైపుకు.

ఆ చీకట్లో సాంబారు పోసేవాడి మొహం ఎవరికి కనిపిస్తుంది అన్నాడు. కరెంటు పోయిందని అతనికి ఎవరు చెప్పారు?

"పద్మనాభంగారూ," అన్నాను మెల్లగా, "ఒట్టు మీరు తప్పక్కర్లేదు. నేను పేరు చెబుతాను, మీరు కాదంటే కాదనండి. ఉదయ్‌కుమార్."

ఆయన కాదనలేదు. తల వంచుకున్నారు.

గణపతిరావుతో అతనికేం పడిందో నాకు తెలియదు. అది తర్వాత తేల్చుకోవచ్చు. ముందు ఈ కాపీ అవ్వాలి, అతనికి ఈ వాసన తగలకుండా అవ్వాలి. లాయరుకు ఫోను చేద్దామని తీశాను. 

"జానకిగారూ, వీధి తలుపు గడియ వేసేయండి. ఎవరొచ్చినా స్టూడియో లేదని చెప్పండి."

"అయ్యో, భోజనం టైముకి తలుపేసీమంటావేటి ఝాన్సీ?" అన్నారు ఆవిడ వంటింట్లోంచి. "ఎదురుగా కొట్టు దగ్గర ఆ సారు పొద్దున్నుంచి టీలు తాగుతూ కూర్చున్నారు పాపం. ఊరికాని ఊరు వచ్చిన మనిషి. ఇందాక కరివేపాకు కోసం ఎళ్లినప్పుడు భోజనానికి రమ్మని చెప్పేను. ట్రంకులో డ్రైవు దొరికింది, బాగానే నడుస్తోంది, మీరూ వచ్చి చూద్దురు గానీ అన్నాను. ఎంత సంతోషించేరో."

మూడేళ్లుగా ఆ ఫుటేజీని బతికించింది ఆవిడే. ఇప్పుడు విస్తరేసి పిలిచిందీ ఆవిడే. ఆవిడ మీద కోప్పడటానికి కూడా టైము లేదు, ఎందుకంటే పక్క సందులోంచి చెప్పుల చప్పుడు వినిపించింది.

ఉదయ్‌కుమార్ వెనక వరండా గ్రిల్లు తీసుకుని లోపలికి వచ్చాడు. వచ్చి, గ్రిల్లు మూసి, గొళ్లెం పెట్టాడు. "కోతులొస్తున్నాయి," అన్నాడు ఎవరితోనో. ఎడిటింగ్ గది కిటికీలోంచి అతనికి నా ల్యాప్‌టాప్ తెర కనిపిస్తుంది. ఆ మొహంలేని మనిషి ట్రాక్టరు మీద ఆగిపోయి ఉన్నాడు. అతను తెర చూశాడు. తర్వాత నన్ను చూశాడు. తర్వాత గోడ మీద మెయిన్ స్విచ్ బోర్డు చూశాడు. అది కుళాయి పక్కనే, అతనికి చేయి చాపితే అందేంత దూరంలో ఉంది. నేనున్న చోటునుంచి అక్కడికి వెళ్లాలంటే గది దాటి, గుమ్మం దాటి వెళ్లాలి.

"కాపీ అవుతోందా మేడమ్?" అన్నాడు.

"అయిపోయింది," అన్నాను. సగం కూడా అవలేదు. ఆ సంగతి తెర మీద అతనికీ కనిపిస్తోంది.

"సారు, సెయ్యి కడుక్కోండి, వడ్డించేస్తున్నారు," అంది అచ్చియ్యమ్మ. కుళాయి దగ్గర నిలబడే ఉంది, చేతిలో నిండు చెంబు. అతిథి వస్తే చేతులకు నీళ్లు పోయడం ఆవిడకు అలవాటు. అతను ఒక్క క్షణం ఆగి, నా వైపే చూస్తూ, రెండు చేతులూ చాచాడు. చాచబోయే ముందు వాచీ తడవకుండా ఎడమచేత్తో మోచేతి వైపుకు పైకి తోశాడు.

అచ్చియ్యమ్మ చెంబు వంచింది. నీళ్లు పడ్డాయి. పడుతుండగా ఆవిడ చూపు ఆ వాచీ మీద ఆగింది. చెంబు నిలబెట్టేసింది.

"బాబూ," అంది, "ఆ పెళ్లికాడ సీకట్లో అంట్లకాడికొచ్చి నీళ్లడిగింది నువ్వే కదా."

అతను చేతులు వెనక్కి తీసుకున్నాడు.

"సెల్లు లైటు నోట కరుసుకున్నావు, మొకం కనపడలేదు. సేతులే కనపడ్డాయి. ఈ గడియారం ఇలాగే పైకి తోసేవు. బువ్వ తినకుండానే కడిగేవు, అదేటా అనుకున్నాను. గ్రీజు వొదల్లేదని సింతపండు తొక్కు ఇచ్చేను రుద్దుకోమని. ఎవులూ నన్నడగలేదు, నానూ సెప్పలేదు."

మూడేళ్లలో ఎవరూ అడగలేదు. పోలీసులు అడగలేదు, లాయర్లు అడగలేదు, ఈ పొద్దున్న ఆవిడ మాట మొదలుపెడితే నేను విసుక్కుని లోపలికి వచ్చేశాను.

ఉదయ్‌కుమార్ తడి చెయ్యి మెల్లగా స్విచ్ బోర్డు వైపు లేచింది. అచ్చియ్యమ్మ బోర్డుకూ అతనికీ మధ్య కదలకుండా నిలబడి, చెంబులో మిగిలిన నీళ్లు అతని చేతి మీదికి మళ్లీ వంచింది.

"ఆ గ్రీజు తరవాతైనా పోయిందా బాబూ?"